రెండు ఇంజన్ల బోటు: బ్యాటరీ, చార్జింగ్ తేడా ఎక్కడుందో మీరే పట్టుకోండి

మత్స్యకార లబ్ధిదారుల కోసం

ఈ పీడీఎఫ్ ఎవరికి?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోటుకు ట్రాన్స్‌పాండర్ గానీ, వీహెచ్ఎఫ్ సెట్టు గానీ, ప్రమాద సంకేతం పంపే డాట్ పరికరం గానీ తీసుకున్నవారికి. సబ్సిడీ మీద ఇంజను, బోటు తీసుకున్నవారికి కూడా. ముఖ్యంగా బోటు వెనక రెండు అవుట్‌బోర్డు ఇంజన్లు గానీ, లోపల రెండు డీజిల్ ఇంజన్లు గానీ ఉన్నవారు పూర్తిగా చదవండి. ఒంటి ఇంజను బోటు వాళ్లకు కూడా ఇందులో సగానికి పైగా పనికొస్తుంది. సరంగుకు, ఇంజను చూసుకునే కుర్రాడికి కూడా పంపండి. ఓనరు ఫోనులోనే ఉండిపోతే లాభం లేదు.

పథకానికీ బ్యాటరీకీ ఏం సంబంధం?

చాలా ఉంది. ట్రాన్స్‌పాండర్‌ను ప్రభుత్వం ఉచితంగా బిగించింది. దేశం మొత్తం మీద లక్ష బోట్లకు బిగించే ఈ కార్యక్రమానికి రూ.364 కోట్లు కేటాయించారు. 2024 ఆగస్టు 30న ప్రధాని దీన్ని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. ఇస్రో తయారుచేసిన ఈ పరికరం ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది. సెల్ సిగ్నల్ లేని చోట కూడా ఒడ్డుకు మెసేజీ పంపొచ్చు, ఒడ్డు నుంచి తుఫాను హెచ్చరిక అందుకోవచ్చు. దేశ సముద్ర సరిహద్దు దగ్గర పడుతుంటే హెచ్చరిస్తుంది కూడా. ఆ చివరిది ఎంత అవసరమో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మనవాళ్లు వాఘా దాటి తిరిగొచ్చింది 2020 జనవరిలో.

అంత విలువైన పెట్టె అయినా కరెంటు అందకపోతే ఉత్త డబ్బానే. దానికి సొంత బ్యాటరీ ఉన్నా, అది నిండేది బోటు బ్యాటరీ నుంచే అయితే బోటు బ్యాటరీ పడిపోయిన కొన్ని గంటలకు అదీ ఆగిపోతుంది. సెల్ఫ్ తిరగదు, వైర్‌లెస్ పలకదు, నీళ్లు తోడే పంపు ఆడదు. అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే ఈ వివరణ.

రెండు ఇంజన్లు ఉన్నాయన్న ధైర్యం ఎంతవరకు?

"ఒకటి ఆగితే ఇంకోటి ఉందిగా" అనుకుంటాం. ఇంజను వరకు నిజమే. కరెంటు విషయంలో మాత్రం ముందు ఒకటి చూసుకోండి: మీ రెండు ఇంజన్లూ ఒకే బ్యాటరీ మీద స్టార్ట్ అవుతున్నాయా? అలాగైతే మీకు ఇంజన్లు రెండు ఉన్నాయి గానీ ఆధారం ఒక్కటే. ఆ బ్యాటరీ పోతే రెండూ పోయినట్టే. ఇంజనుకో బ్యాటరీ ఉండాలి. లైట్లు, ఫిష్ ఫైండర్, వైర్‌లెస్, ట్రాన్స్‌పాండర్‌కు వీలైతే మూడోది వేరేగా ఉండాలి. మూడోదానికి డబ్బు సర్దుబాటు కాకపోతే సామానంతా ఒక ఇంజను బ్యాటరీ మీదే పెట్టండి, రెండో ఇంజను బ్యాటరీని సెల్ఫ్‌కు తప్ప ముట్టుకోకండి. ఇది మాత్రం వదులుకోవద్దు.

ఇంకో మోసం ఉంది, చాలా బోట్లలో జరిగేది ఇదే. రెండు ఇంజన్ల డైనమోలు (ఆల్టర్నేటర్ అన్నా అదే) కలిపి ఒకే చోట చార్జింగ్ ఇస్తుంటాయి. రెండు ఇంజన్లూ నడుస్తున్నప్పుడు మీటరు 14 వోల్టులు చూపిస్తుంది. అంతా బాగుందనుకుంటాం. కానీ ఆ 14 ఒక్క ఎడమ డైనమో ఇస్తున్నది కావచ్చు. కుడిది చచ్చిపోయి నెలలు అయ్యుండొచ్చు. ఎడమ ఇంజను ఆగిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు, అప్పటికి మీరు తీరానికి ముప్పై మైళ్ల దూరంలో ఉంటారు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. రెండు డైనమోలూ బాగానే ఉంటాయి. ఒకదాని రెగ్యులేటరు 14.4 దగ్గర, ఇంకోదానిది 14.0 దగ్గర సెట్ అయి ఉంటాయి. ఎక్కువ ఉన్నది బ్యాటరీని 14.4కు తెచ్చేసరికి, తక్కువది "బ్యాటరీ నిండింది" అనుకుని తనంతట తాను ఆగిపోతుంది. ఆంపియర్ మీటరు సున్నా చూపిస్తుంది. "కుడి డైనమో పోయింది, మార్చేద్దాం" అంటాడు మెకానిక్. కొత్తది బిగించినా అదే సున్నా. డబ్బు దండగ.

రెండిటికీ పరీక్ష ఒక్కటే: ఒక్కో ఇంజనును విడిగా నడిపి చూడండి. ఎడమది ఆపి కుడిది ఒక్కటే నడపండి, వోల్టేజీ రాసుకోండి. తర్వాత కుడిది ఆపి ఎడమది. నెలకోసారి రేవులో పది నిమిషాల పని.

చేతిలో ఏముండాలి?

ఒక డిజిటల్ మల్టీమీటరు. ఎలక్ట్రికల్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ మీద, నల్ల తీగ మైనస్ మీద. ఇక్కడ జాగ్రత్త: తీగల మొనలు బ్యాటరీ సీసపు పోస్టు మీదే ఆనాలి, దానికి బిగించిన క్లాంపు మీద కాదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇంజను ఆపిన రెండు మూడు గంటల తర్వాత, లైట్లన్నీ ఆపి చూస్తే మంచి బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది, ఆ బ్యాటరీతో వేటకు బయల్దేరొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎవరినైనా మీటరు చూడమనండి. 10కి దగ్గర్లో నిలబడితే ఫర్వాలేదు. 9 కిందికి జారిపోతే బ్యాటరీ బలహీనం. ఇంజను నడుస్తూ కాస్త వేగం మీద ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఇంజను నడుస్తున్నా 12.5 దగ్గరే ఆగితే చార్జింగ్ రావట్లేదు. 15 దాటితే రెగ్యులేటరు పాడైంది, బ్యాటరీ నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి. దాన్ని అలాగే నడిపితే బ్యాటరీతో పాటు వైర్‌లెస్ సెట్టు కూడా కాలిపోతుంది.

అవుట్‌బోర్డు వాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మెల్లగా నడుస్తున్నప్పుడు వీటి చార్జింగ్ దాదాపు ఉండదు. 12.7 చూపించిందని కంగారుపడకుండా వేగం పెంచి మళ్లీ చూడండి.

చార్జింగ్ రావట్లేదు. ముందు ఏం చూడాలి?

డైనమో విప్పడం ఆఖరి పని. మొదట చూడాల్సింది బ్యాటరీ టెర్మినళ్లు. మన సముద్రపు గాలికి ఇత్తడి, రాగి, సీసం దేన్నయినా చిలుము పడుతుంది. పచ్చగా, తెల్లగా పొడి కట్టిందంటే కరెంటు దారి మూసుకుపోయినట్టే. పైకి శుభ్రంగా ఉన్నా లోపల, పోస్టుకూ క్లాంపుకూ మధ్య నల్లటి పొర ఉండొచ్చు. అందుకే ఒకసారి పోస్టు మీద, ఒకసారి క్లాంపు మీద కొలవమనేది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పోస్టు మీద 11, క్లాంపు మీద 9 చూపిస్తే బ్యాటరీది తప్పు కాదు, ఆ మధ్యలోని మురికిది.

శుభ్రం చేసేటప్పుడు ముందు మైనస్ విప్పండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పోస్తే చిలుము పొంగి కరిగిపోతుంది. బ్యాటరీ మూతల్లోకి మాత్రం సోడా నీళ్లు పోనివ్వకండి. వైరు బ్రష్‌తో సీసం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన వేసలిన్ గానీ గ్రీజు గానీ రాయండి. బిగించాకే రాయాలి, ముందు కాదు.

తర్వాత బెల్టు. డీజిల్ ఇంజన్లలో బెల్టు వదులైతే డైనమో సరిగా తిరగదు, కీచుమంటుంది, చుట్టూ నల్లపొడి రాలుతుంది. వేలితో నొక్కితే సుమారు అర అంగుళం కిందికి వెళ్లాలి, అంతకు మించి కాదు. తర్వాత ఫ్యూజులు. డైనమో వెనక సాకెట్టు కూడా ఊడి ఉండొచ్చు, చూడండి.

డాష్‌లో చార్జింగ్ ఎర్ర లైటు ఉన్న ఇంజన్లలో, కీ తిప్పగానే అది వెలగాలి, ఇంజను స్టార్ట్ కాగానే ఆరాలి. కీ తిప్పినా అసలు వెలగకపోతే బల్బు మాడిపోయి ఉండొచ్చు. చిన్న బల్బే కదా అనుకోకండి. కొన్ని డైనమోలకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. బల్బు పోతే డైనమో నిద్రలేవదు. కొత్త డైనమో కొనే ముందు ఆ బల్బు చూడండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు డైనమో వెనక ప్లస్ బోల్టు దగ్గర కొలవండి, వెంటనే బ్యాటరీ ప్లస్ దగ్గర కొలవండి. అక్కడ 14.2, ఇక్కడ 13.2 వస్తే డైనమో బాగుంది, మధ్య వైరులో ఒక వోల్టు పోతోంది. వైరు సన్నదైనా అయ్యుంటుంది, లోపల కుళ్లిపోయైనా ఉంటుంది. లగ్గు దగ్గర రెండంగుళాలు చీల్చి చూడండి. రాగి ఎర్రగా మెరవాలి. నల్లగా పొడిపొడిగా ఉంటే ఆ వైరు మొత్తం మార్చాల్సిందే, ముక్క కోసి అతికితే ఆర్నెల్లు కూడా ఆగదు. బోటుకు తగరం పూత ఉన్న రాగి వైరు మంచిది. ఇంటి వైరింగుకు వాడే ఒంటి తీగ వైరు బోటు అదురుకు విరిగిపోతుంది, వాడకండి.

ఎడమ, కుడి మార్చి చూడటం

రెండు ఇంజన్లున్న బోటుకు ఉన్న పెద్ద సౌకర్యం ఇది. ఒంటి ఇంజను వాడికి లేనిది. బాగున్న పక్కతో పోల్చుకోవచ్చు. కుడి ఇంజను సెల్ఫ్ సరిగా తిరగట్లేదనుకోండి. రేవులో, ఇంజన్లు ఆపి, రెండు బ్యాటరీలను ఇటుదటు మార్చండి. సమస్య ఎడమ ఇంజనుకు వెళ్లిపోతే బ్యాటరీదే తప్పు. కుడివైపే ఉండిపోతే వైరు, సెల్ఫ్ మోటరు, ఎర్తుల్లో ఏదో ఒకటి. ఇంతవరకు తెలుసుకుని మెకానిక్ దగ్గరకు వెళితే అతను సగం రోజు కూలీ తీసుకునే పని మీరే చేసేసినట్టు.

ఎర్త్ సంగతి విడిగా చెప్పాలి. రెండు ఇంజన్ల మైనస్‌లూ లావుపాటి కేబులుతో ఒకదానికొకటి కలిసి ఉండాలి. అది వదులైతే విచిత్రాలు కనిపిస్తాయి. కుడి ఇంజను సెల్ఫ్ కొడితే ఎడమ ఇంజను మీటరు ముల్లు ఎగురుతుంది. గేరు కేబులు, యాక్సిలరేటరు కేబులు వేడెక్కుతాయి, ఒక్కోసారి పొగ వస్తుంది. ఎందుకంటే వందల ఆంపియర్ల కరెంటు లావు దారి దొరక్క ఆ సన్న కేబుళ్ల గుండా తిరిగి వెళుతోంది. ఇది కనిపిస్తే ఇంకొక్కసారి కూడా సెల్ఫ్ కొట్టకండి. పెట్రోలు ఇంజనైతే అగ్ని ప్రమాదమే.

రాత్రి బాగానే ఉంది, తెల్లారేసరికి బ్యాటరీ డౌన్

దీనికి రెండు కారణాలు. ఒకటి, వాడకమే ఎక్కువ. లెక్క వేసుకోండి. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నిజంగా వాడుకోదగింది సగమే, 50. అంతకంటే దించితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. పది వాట్ల ఎల్ఈడీ లైటు గంటకు 0.8 తింటుంది. నాలుగు లైట్లు పది గంటలు వెలిగితే 32. ఫిష్ ఫైండర్ గంటకు ఒకటి చొప్పున 10. వైర్‌లెస్ వింటూ ఉంటే 4. మొత్తం 46. అంటే అంతటితో సరి. దీని మీద పాటల పెట్టె పెట్టినా, పాత 55 వాట్ల హెడ్‌లైటు బల్బు వేసినా తెల్లవారుజామున సెల్ఫ్ తిరగదు. ఆ ఒక్క బల్బే రాత్రికి 46 తినేస్తుంది.

తిన్నది మళ్లీ నిండాలి కదా. చిన్న అవుట్‌బోర్డులు పూర్తి వేగంలో 6 నుంచి 12 ఆంపియర్లే ఇస్తాయి. 46 నింపడానికి ఆరు ఇచ్చే ఇంజను ఎనిమిది గంటలకు పైగా పరుగెత్తాలి. రేవు నుంచి వేట చోటుకు రెండు గంటలే ప్రయాణమైతే ఎప్పటికీ నిండదు. అలాంటి బోట్లలో డైనమోను తిట్టి లాభం లేదు. ఇంటి దగ్గర చార్జరు పెట్టుకోవడమో, చిన్న సోలార్ పలక కంట్రోలరుతో బిగించుకోవడమో చేయాలి.

రెండో కారణం, దొంగ వాడకం. అన్నీ ఆపేశాక కూడా ఎక్కడో కరెంటు పోతుంటుంది. బ్యాటరీ మైనస్ విప్పి, ఆ పోస్టుకూ కేబులుకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల దగ్గర పెట్టి కలపండి. 0.05 దాటకూడదు. దాటితే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు పడిపోయిందో దొంగ అక్కడున్నాడు. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు మాడిపోతుంది. సాధారణంగా దొరికేది నీళ్ల పంపు ఫ్లోటు స్విచ్చి: చెత్త, వల దారం ఇరుక్కుని పైకే ఉండిపోతుంది. ఇంకోటి డైనమో లోపలి డయోడు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను డైనమో తెల్లవారి ముట్టుకుంటే వెచ్చగా ఉందంటే డయోడు పోయినట్టే. ట్రాన్స్‌పాండర్ మాత్రం ఎప్పుడూ కొద్దిగా తీసుకుంటూనే ఉంటుంది, దాన్ని దొంగ అనుకుని వైరు పీకేయకండి.

మెయిన్ స్విచ్చి విషయంలో చేయకూడనివి

1, 2, రెండూ, ఆఫ్ అని ఉండే గుండ్రటి స్విచ్చి ఉంటే, ఇంజను నడుస్తుండగా దాన్ని ఆఫ్ వైపు తిప్పకండి. డైనమో ఇచ్చే కరెంటుకు ఒక్క క్షణం దారి లేకపోయినా డయోడులు కాలిపోతాయి. అవుట్‌బోర్డు అయితే రెక్టిఫయరు పోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "చార్జింగ్ ఉందో లేదో చూద్దాం" అనే పాత పద్ధతి కూడా ఇదే పని చేస్తుంది. ఎవరు చెప్పినా వద్దనండి.

వేట చోట లంగరు వేసి ఇంజన్లు ఆపాక స్విచ్చి "రెండూ" మీద వదిలేస్తే రెండు బ్యాటరీలూ కలిసి దిగిపోతాయి. ఒక్కదాని మీద పెట్టి పడుకోండి. నడిసముద్రంలో ఒక బ్యాటరీ పడిపోతే, బాగున్న బ్యాటరీ ఉన్న ఇంజనును ముందు స్టార్ట్ చేయండి. అది పదిహేను నిమిషాలు నడిచాక స్విచ్చిని "రెండూ" మీదకు తెచ్చి రెండో ఇంజను సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక ఆఫ్ తగలకుండా వెనక్కి తిప్పేయండి.

తాడు లాగి స్టార్ట్ చేసే వీలున్న అవుట్‌బోర్డు అయితే తాడు బోటులోనే ఉండాలి, ఇంట్లో కాదు. కొన్ని కొత్త ఇంజన్లు బ్యాటరీ పూర్తిగా పోతే తాడు లాగినా స్టార్ట్ కావు. మీది ఏ రకమో కొన్నచోటే అడిగి తెలుసుకోండి.

వేట నిషేధం రోజుల్లో

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది. బ్యాటరీని బోటులో వదిలేస్తే ఆ రెండు నెలల్లో దానంతట అదే దిగిపోయి, ప్లేట్ల మీద తెల్లపొర కట్టి మళ్లీ నిండని స్థితికి వస్తుంది. ఇంటికి తెచ్చి నెలకోసారి చార్జ్ చేయండి. మూతలు తీసి ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు పోయొద్దు, యాసిడ్ అసలే పోయొద్దు. చార్జ్ అయ్యే గదిలో గాలి ఆడాలి, బీడీ, పొయ్యి దగ్గర ఉండకూడదు. అప్పుడు వచ్చే గ్యాసు నిప్పు తగిలితే పేలుతుంది.

షాపులో హైడ్రోమీటరు పెట్టి చూపించండి. నిండిన బ్యాటరీలో ఆరు గదులూ 1.240 నుంచి 1.260 దాకా ఉండాలి. ఐదు బాగుండి ఒకటి మాత్రం 1.190, 1.180కి పడిపోతే ఆ గది చచ్చింది, బ్యాటరీ మార్చాల్సిందే.

పథకం వైపు నుంచి గుర్తుంచుకోవాల్సినవి

ట్రాన్స్‌పాండర్ పెట్టెను విప్పకండి, చోటు మార్చకండి. మీ పని దానికి కరెంటు అందుతోందా చూడటం వరకే. దాని ఫ్యూజు, దానికి వచ్చే వైరులో వోల్టేజీ చూడండి. 12 పైన ఉండి కూడా పెట్టె పనిచేయకపోతే సచివాలయంలో మత్స్యశాఖ సహాయకుడికి చెప్పండి. ఏ రోజు ఆగిందో, ఎంత వోల్టేజీ ఉందో రాసుకెళితే పని తొందరగా అవుతుంది.

యోజనలో లబ్ధిదారుడి వాటా ఉన్న వస్తువులకు సబ్సిడీ జనరల్ వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం. అలా తీసుకున్న ఇంజను వారంటీలో ఉండగా వైరింగు కోయించి బయట మెకానిక్‌తో అతికిస్తే వారంటీ పోవచ్చు. ముందు బిల్లు, వారంటీ కార్డు పట్టుకుని డీలరు దగ్గరకు వెళ్లండి.

యోజన కింద ఉన్న సామూహిక ప్రమాద బీమాకు మీరు ప్రీమియం కట్టక్కర్లేదు. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి రూ.5 లక్షలు, పాక్షిక వైకల్యానికి రూ.2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు రూ.25 వేలు. ఇది మనిషికే. కాలిపోయిన ఇంజనుకు, బ్యాటరీకి ఇందులో రూపాయి రాదు.

సముద్రంలో కరెంటు పోతుందని అనుమానం వస్తే

లైట్లు, ఫైండర్ అన్నీ ఆపి, మిగిలిన కరెంటును వైర్‌లెస్‌కు, ట్రాన్స్‌పాండర్‌కు దాచండి. వీహెచ్ఎఫ్‌లో మాట్లాడితే వినడానికి కంటే పది రెట్లకు పైగా ఖర్చవుతుంది, కాబట్టి ముక్తసరిగా చెప్పండి. ప్రమాదానికి పిలిచేది 16వ ఛానల్. సెల్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డు 1554, మెరైన్ పోలీసు 1093. మొదట బోటు నంబరు, తర్వాత జీపీఎస్ చూపే అక్షాంశం, రేఖాంశం, తర్వాత ఎంతమంది ఉన్నారు, చివరగా ఏమైంది. జీపీఎస్ ఆరిపోకముందే ఆ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి.